కొత్త పేర్లు – కల్పిత అర్థాలు

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో బిడ్డ పేరు వ్రాయడం తెలుగు ఇళ్లలో అనాదిగా ఉన్న ఆచారం. కొందరు పదకొండవ నాడు, కొందరు ఇరవై ఒకటవ నాడు ఈ వేడుక జరుపుతారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని అనుసరించి జననాన్ని తెలియజేయవలసిన గడువు కూడా 21 రోజులే కావడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం. బియ్యంలో వ్రాసిన పేరు ఆ సాయంత్రానికే కలిసిపోతుంది. రిజిస్టరులో వ్రాసిన పేరు మాత్రం మనిషి ఉన్నంత కాలమూ ఉంటుంది. ఇటీవలి కాలంలో మగశిశువులకు పెడుతున్న రేయాంశ్, అద్విక్ వంటి పేర్లు ప్రామాణిక నిఘంటువులలో వెదికితే కనిపించవు. తాతలు నొచ్చుకుంటున్నారు, తల్లిదండ్రులు మురిసిపోతున్నారు. అర్థం లేని పేరు పెట్టడం తప్పా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతున్నది.

ఈ ప్రశ్న మన కాలానికి పరిమితమైనది కాదు. మగశిశువు పేరు రెండక్షరాలదో నాలుగక్షరాలదో కావాలని, ఘోషాక్షరంతో మొదలు కావాలని, నడుమ య ర ల వలలో ఒకటి ఉండాలని, కృదంతమే తప్ప తద్ధితాంతం కాకూడదని పారస్కర గృహ్యసూత్రం విధించింది. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యంలో ఈ నియమాన్నే ఒక ప్రయోజనంగా చూపాడు. కృత్తు ఏదో తద్ధితం ఏదో తెలియనివాడు కొడుకుకు పేరెలా పెట్టగలడని ఆయన అభిప్రాయం. విశేషమేమంటే, ఆ శాస్త్ర సంప్రదాయమే వ్యుత్పత్తితో పనిలేని పేర్లకూ చోటిచ్చింది. పెట్టినవాని ఇచ్ఛ తప్ప మరొక ఆధారం లేని అటువంటి పేర్లను యదృచ్ఛా శబ్దాలన్నారు. వాటికి తరతరాలుగా చెబుతూ వచ్చిన ఉదాహరణ 'డిత్థుడు'. కావ్యప్రకాశం వ్రాసిన మమ్మటుని నాటికి కూడా డిత్థుడే ఉదాహరణ. కనుక కల్పిత నామం సంప్రదాయానికి వెలియైనదని అనడానికి వీలులేదు. ఇష్టం వచ్చిన ధ్వనిని బిడ్డకు పేరుగా పెట్టిన తండ్రి వెనుకటికీ ఉన్నాడు.

పాత పేర్ల కోసం బెంగపడేవారు వాటిని ఒకసారి దగ్గరగా చూడవలసి ఉంటుంది. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతుంటే, మృత్యువు దృష్టి పడకుండా ఆ తర్వాతివానికి పెంటయ్య అని పేరు పెట్టారు. భిక్షమెత్తి దక్కించుకున్నామన్న భావంతో భిక్షపతి అన్నారు. దర్గాకు మొక్కుకుంటే హిందువుల ఇంట మస్తానయ్య పుట్టాడు. యాదగిరి, సింహాచలం వంటివి కొండ పేరే మనిషి పేరైన సందర్భాలు. ఇంతవరకు ఆ పేర్లలో ఒక జీవితం, ఒక భయం, ఒక కృతజ్ఞత ఉన్నాయి. అయితే బ్రాహ్మణుని పేరు మంగళాన్ని, క్షత్రియుని పేరు బలాన్ని, వైశ్యుని పేరు ధనాన్ని, శూద్రుని పేరు జుగుప్సను సూచించాలని మనుస్మృతి రెండవ అధ్యాయం శాసించిన మాట కూడా మరువరానిది. శాస్త్రం ఎరుగని పల్లెలలో సైతం, పేరు ఏదైనా, దాని చివర 'అయ్య' ఎవరికి దక్కేదో, 'గాడు' ఎవరికి మిగిలేదో అందరికీ తెలిసినదే. పేరు చెప్పగానే కులమూ ఊరూ తెలిసిపోయేవి. వెట్టి చేసిన తాత పేరును పక్కనబెట్టి, ఏ కులపు జాడా లేని కొత్త ధ్వనిని తన కొడుకుకు పెట్టుకున్న తండ్రిని భాష చెడిపోతున్నదంటూ తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పేరులో అర్థం లేకపోవడమే ఆయనకు కావలసింది.

కల్పన అంటే అర్థం లేకపోవడమేనని కూడా అనుకోనక్కరలేదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా ఉప్పు సత్యాగ్రహ సంవత్సరమైన 1930లో పుట్టిన కుమారునికి లవణం అని పేరు పెట్టారు. మరొక కుమారుని పేరు సమరం. ఏ పంచాంగమూ సూచించని పేర్లవి. 1933లో శాంతినికేతనంలో పుట్టిన ఒక శిశువుకు రవీంద్రనాథ్ ఠాకూర్ అమర్త్య అని పేరు పెట్టారు. ఆ శిశువే తరువాత ఆర్థికవేత్త అమర్త్య సేన్. అరుదైన పేరే అయినా అది వ్యాకరణానికి కట్టుబడిన మాట. ఒకటి చరిత్ర నుంచి, ఒకటి భాష నుంచి తీసినవి. రెండింటికీ అడిగినవారికి చెప్పదగిన నిజమైన సమాధానం ఉన్నది.

దోషం మరొక చోట ఉన్నది. పేర్ల పుస్తకాలు రేయాంశ్ అంటే సూర్యకిరణమని, విష్ణ్వంశమని, అద్విక్ అంటే అద్వితీయుడని సంస్కృతం పేరిట అర్థాలు అచ్చువేస్తున్నాయి. 'అంశ' సరే, 'రేయ' ఎక్కడిది? జైనుల పదకొండవ తీర్థంకరుడు శ్రేయాంసనాథుడు. ఆ పేరే తల తెగి ఇలా మిగిలిందేమోనన్న అనుమానం కలుగుతుంది. తెలుగు చెవికైతే రేయి అంటే రాత్రి, 'రేయ్' అన్నది వీధిలో కుర్రవాణ్ని కేకేసే మాట. యజ్ఞం నిర్వహించే పురోహితుడని స్పష్టమైన అర్థమున్న ఋత్విక్కు కూడా ఇప్పుడు కేవలం ధ్వని కోసమే ఎంపికవుతున్నది. నచ్చిన ధ్వనిని పేరుగా పెట్టామని చెప్పడానికి తల్లిదండ్రులు ఎందుకు సంకోచించాలి? కులం నుంచి బిడ్డను తప్పించాలనుకున్నవారే, ప్రాచీనత లేకపోతే గౌరవం లేదన్న భయంతో, లేని వంశవృక్షాన్ని ఆ పేరుకు అతికిస్తున్నారు. బడిలో పంతులు పేరుకు అర్థం అడిగినప్పుడు ఆ బాలుడు ఇంట్లో నేర్పిన అబద్ధాన్ని నిజమని నమ్మి అప్పజెబుతాడు. తనకు తెలియకుండానే దానికి సాక్షి అవుతాడు.

సంఖ్యాశాస్త్రం పేరిట ఇంగ్లీషు వర్ణక్రమంలో అక్షరాలు పెంచడం దీనికి తోడు. జనన ధ్రువపత్రంలో ఒక రీతి, బడి రికార్డులో మరొక రీతి, పాస్‌పోర్టులో ఇంకొక రీతి అయినప్పుడు ఆ భారం మోయవలసినవాడు బిడ్డే. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం, ఆ తేదీన గాని తరువాత గాని పుట్టినవారికి జనన ధ్రువపత్రాన్ని ప్రధాన ఆధారంగా చేసింది గనుక ఈ తేడాలు మునుపటికంటె ఎక్కువ ఇబ్బంది కలిగించవచ్చు.

ఈ విషయంలో చట్టం తొందరపెట్టడం లేదు. పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత నిర్ణీత రుసుముతో పదిహేనేళ్ల వరకు పేరు చేర్పించవచ్చు. పదేళ్ల బాలుణ్ని నీకే పేరు ఇష్టమని అడగడానికి చాలినంత గడువది. ఆ ఉద్దేశంతో దానిని వాడుకునేవారు అరుదు. బడిలో చేర్చే వేళ, ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉన్నదని అప్పుడే గమనించి కార్యాలయాలకు పరుగెత్తేవారికే ఆ వెసులుబాటు ఎక్కువగా ఉపయోగపడుతున్నది.