గేటు దాటి చూడండి

జూన్ దగ్గరపడితే నందికొట్కూరులో ఒకటే మాట: పిల్లోణ్ణి ఏ బడిలో వేస్తున్నారు? పదో తరగతి మార్కుల ఫ్లెక్సీలు చూసి తేల్చేస్తాం. జిల్లా పరిషత్ హైస్కూలు గేటు మాత్రం దాటం. ఒక మధ్యాహ్నం వెళ్లండి. అన్నం వడ్డించేటప్పుడు అయ్యవార్లు ఎక్కడున్నారు? ఆడపిల్లల మరుగుదొడ్లలో నీళ్లొస్తున్నాయా? మన ఎండలకు అదే అసలు పరీక్ష. లెక్కల సారు ఉన్నారా, పోస్టు ఖాళీయా? అడగడానికి మొహమాటమెందుకు! 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరుండాలన్నదీ ఆ చట్టమే. వచ్చేముందు ఏడో తరగతి పాపనొకదాన్ని పలకరించి, “నిన్న ఏం చదివావమ్మా?” అని అడిగి, కాసేపు వినండి.