ఆశువు, పరిష్కారం: డీజే మిక్స్ రికార్డింగులో ఒక నైతిక మీమాంస

1. ఉపోద్ఘాతం

తెలుగులోకి వచ్చాక 'డీజే' అన్న మాట అర్థం మారింది. ఆంగ్లంలో అది రికార్డులు వేసే మనిషికి పేరు. తెలుగునాట "పెళ్ళికి డీజే పెట్టారు", "డీజే ముందు ఆడారు" అన్నప్పుడు ఆ మాట వాహనం మీద పేర్చిన స్పీకరు పెట్టెలనూ, వాటినుంచి వెలువడే మోతనూ సూచిస్తుంది. పరికరానికి పేరు దక్కింది. దాని వెనక నిలబడిన మనిషి మాత్రం ఆ పేరులోంచి జారిపోయాడు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, మైదానానికీ చింతపల్లి మన్యానికీ నడుమ ఉన్న పట్టణం నర్సీపట్నం. ఇలాంటి పట్టణాల్లో పెళ్ళి ఊరేగింపులూ, అమ్మవారి పండగలూ, వినాయక నిమజ్జనాలూ డీజే కళకు రంగస్థలాలు. అక్కడ వినిపించింది అక్కడే ముగిసిపోతుంది. కళాకారుడి పేరు నిలిచేది అతడు రికార్డు చేసి విడుదల చేసే మిక్సులో మాత్రమే. పాట నడుమ "డీజే ఫలానా, ఫలానా ఊరు" అంటూ గంభీరస్వరంతో వినిపించే వాయిస్ ట్యాగు తెలుగు శ్రోతలకు సుపరిచితం. శతకానికి మకుటం ఎలాంటిదో, పదకర్తకు ముద్ర ఎలాంటిదో, మిక్సుకు ఆ ట్యాగు అలాంటిది. ఈ కూర్పుకు బాధ్యుణ్ణి నేనే అని అది ప్రకటిస్తుంది.

బాధ్యతను ప్రకటించిన చోట నైతిక ప్రశ్న పుడుతుంది. గంట నిడివిగల మిక్సును రికార్డు చేసేవాడు చేయి తడబడిన ప్రతిచోటా ఆగి, దిద్ది, నిర్దుష్టంగా తయారుచేయాలా? లేక ఒక్క ఊపులో వచ్చినదాన్ని వచ్చినట్టే వదలాలా? పైకి ఇది అభిరుచికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. కాని ఇందులో ముగ్గురి ప్రయోజనాలు ముడిపడి ఉన్నాయి: మిక్సును నమ్మి వినే శ్రోత, మిక్సులో వాడుకున్న పాటల అసలు కళాకారులు, మిక్సు కూర్చే వ్యక్తి. భారతీయ అలంకారశాస్త్రంలోని దోషవిచారాన్నీ, తెలుగు ఆశుకవితా సంప్రదాయాన్నీ ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మిక్సులో దిద్దుబాటుకు చోటెక్కడ?

ఒక పాట ముగియకముందే మరొక పాటను, లయ తెగకుండా, దానిలోకి ప్రవేశపెట్టడం మిక్సింగు. నిమిషానికి 120 దెబ్బలతో నడిచే పాటనుంచి 126 దెబ్బల పాటకు వెళ్ళాలంటే మొదటిదాని వేగాన్ని అయిదు శాతం పెంచాలి, లేదా రెండోదాన్ని దాదాపు ఆ మేరకు తగ్గించాలి. వేగాలు కలిసినంత మాత్రాన చాలదు. దెబ్బమీద దెబ్బ పడాలి. ఒకదాని పల్లవి ముగిసేచోట రెండోదాని ఆవృత్తి మొదలవ్వాలి. రెండు పాటల మంద్రధ్వనులు ఒకేసారి మోగితే రెండూ అస్పష్టమవుతాయి కనుక ఒకదాని మంద్రాన్ని తగ్గించి రెండోదానికి చోటివ్వాలి. ఇవన్నీ కొన్ని క్షణాల్లో తీసుకోవలసిన నిర్ణయాలు.

1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ వేగాన్ని ఎనిమిది శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ వీలిచ్చింది. ఆ సవరణ చేతితో, చెవితో చేయవలసిందే. 2001లో విడుదలైన ఏబుల్టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పరిస్థితిని మార్చాయి. పాటలను తెరమీద పరిచి, దెబ్బలను గీతలకు తగిలించి, తడబాటు అన్నదే లేని మిక్సును తీరికగా కూర్చడం సాధ్యమైంది. నిర్దుష్టత అందుబాటులోకి వచ్చాక దాన్ని వదులుకోవడానికి కారణం చెప్పుకోవలసివచ్చింది. ఒకప్పుడు పొరపాటు సహజం. ఇప్పుడు దాన్ని ఉంచడం కూడా ఒక ఎంపికే.

సాంకేతిక పరిమితిని ఆశుత్వంగా భ్రమపడకూడదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పట్టేది. మైనం పళ్ళెంమీద నేరుగా గాడి పడేది కనుక మధ్యలో దిద్దే వీలు లేదు. తప్పు దొర్లితే మొత్తం మళ్ళీ పాడాలి. అంతమాత్రాన ఆ రికార్డులలోని గానం ఆశువు కాదు. మూడు నిమిషాలకు సరిపడేలా ముందే కుదించుకుని, సాధన చేసి పాడినది. కోత పడలేదంటే అప్పటికప్పుడు పుట్టిందని అర్థం కాదు. ఈ తేడా గుర్తిస్తే "ఒకే ఊపులో చేశాను" అన్న గర్వానికీ పరీక్ష అవసరమని తెలుస్తుంది.

3. ఏది దోషం?

నిర్దుష్టత అంటే దోషం లేకపోవడం. అయితే దోషమంటే ఏమిటి? ముఖ్యార్థానికి హాని కలిగించేది దోషమనీ, కావ్యంలో ముఖ్యమైనది రసమనీ మమ్మటుడు నిర్ధారించాడు. దీని ప్రకారం దోషాన్ని నియమోల్లంఘనతో కాక, రసభంగంతో కొలవాలి. అంతకు ముందే ఆనందవర్ధనుడు కొన్ని దోషాలు అనిత్యాలని చెప్పాడు. శ్రుతికటుత్వం శృంగారంలో దోషం. రౌద్రంలో అదే పరుషధ్వని రసపోషకం కావచ్చు.

ఈ వివేకాన్ని మిక్సుకు అన్వయించవచ్చు. రెండు పాటల దెబ్బలు విడివడి, గుర్రపు డెక్కల చప్పుడులా వేర్వేరుగా వినిపిస్తూ పోతే అడుగు తడబడుతుంది. శబ్దం హద్దుమీరి చీలితే చెవి నొచ్చుకుంటుంది. ఈ రెంటినీ ఆశుత్వం పేరుతో సమర్థించలేం. ఒక పాటను అనుకున్నదానికన్నా నాలుగు ఆవృత్తులు ఎక్కువగా నిలిపి ఉంచడం, మరొకదాన్ని ఉన్నట్టుండి తెంచి కొత్త పాటను దింపడం వేరే కోవకు చెందుతాయి. అవి నియమం తప్పినట్టు కనిపించినా ఎదురుచూపునో ఉలికిపాటునో కలిగించి రసాన్ని పోషించవచ్చు. నిర్దోషత్వకాంక్ష వికటించేది ఈ తేడాను మరిచినప్పుడే. తెరమీది గీతకు పక్కగా పడిన ప్రతిదాన్నీ దోషంగా లెక్కించేవాడు చెవిని వదిలి కంటితో వింటున్నాడు.

అంతకన్నా తీవ్రమైన సమస్య ఉత్తరాంధ్ర సందర్భంలో ఎదురవుతుంది. యంత్రంతో కూర్చిన పాటలో లయ మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో ఉంటుంది. మనిషి చేతితో వాయించిన డప్పు అలా ఉండదు. తప్పెటగుళ్ళలో కళాకారులు రొమ్ముకు కట్టుకున్న తప్పెటను వాయిస్తూ ఆడతారు. ఆట వేడెక్కేకొద్దీ గతి పెరుగుతుంది. అలాంటి వాద్యం రికార్డును మిక్సులో వాడదలచినవాడి ముందు రెండు దారులున్నాయి. మొదటిది, సాఫ్ట్‌వేరుతో ఆ గతిని సాగదీసి, కుదించి, సమవేగానికి తేవడం. రెండోది, వాద్యం వేగం మారినప్పుడల్లా తన చేతితో దాన్ని అనుసరించడం. మొదటిదానిలో అతుకు కనిపించదు. అయితే అక్కడ సవరణకు గురైనది డీజే తడబాటు కాదు, తప్పెట కళాకారుడి ఊపిరి. ఒకరి నిర్దుష్టత కోసం మరొకరి ఆశువును చెరిపివేయడం జరిగింది. ఆ కళాకారుడి పేరు సాధారణంగా ఎక్కడా ఉండదు. వాయిస్ ట్యాగులో వినిపించేది డీజే పేరే. పేరు తనది చేసుకున్నవాడికి ఆ ఊపిరి విషయంలో బాధ్యత ఉంటుంది.

4. ఆశువు: అవధానం, ధారణ, ఐతిహ్యం

ఆశుత్వాన్ని కీర్తించేవారు సాధారణంగా దాన్ని సన్నాహం లేకపోవడంగా భావిస్తారు. తెలుగు సంప్రదాయం అలా భావించలేదు. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి వంటి సంస్థానాల్లో అవధానాలతో సభలను మెప్పించిన తిరుపతి వేంకటకవుల ఆశుధార వెనక వ్యాకరణ, ఛందో, పురాణాల అధ్యయనం ఉంది. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం మూడూ కలిసి కావ్యహేతువన్న మమ్మటుడి మాట ఆశుకవితకు మరింత వర్తిస్తుంది. ఏ ప్రశ్న వస్తుందో అవధానికి తెలియదు; ఏ ప్రశ్న వచ్చినా జవాబివ్వగల స్థితి మాత్రం అతడు ముందే సంపాదించుకున్నది. అందుచేత ఆశుత్వమంటే ఎదుటనుంచి వచ్చినదానికి అప్పటికప్పుడు స్పందించగల సంసిద్ధత అని నిర్వచించవచ్చు.

అవధానంలో రికార్డింగుకు సమానమైన అంగం కూడా ఉంది. అది ధారణ. సభ చివర అవధాని తాను చెప్పిన పద్యాలన్నిటినీ చెప్పిన రూపంలోనే తిరిగి అప్పగిస్తాడు. మెరుగైన పదం అప్పుడు తోచినా దాన్ని చేర్చడం ధారణ కాదు. పద్యాన్ని దిద్దే అవకాశం తర్వాత అచ్చులో ఉంటుంది. ఒకే పద్యానికి సభలో ఒక ధర్మం, గ్రంథంలో మరొక ధర్మం. రెండూ గౌరవనీయాలే, ఒకదాన్ని రెండోదిగా చూపడం మాత్రం చెల్లదు.

ప్రత్యక్షప్రదర్శనకూ గదిలో చేసే రికార్డింగుకూ మౌలికమైన తేడా ఒకటుంది. అవధానికి పృచ్ఛకులుంటారు. ఊరేగింపులో డీజేకు ఎదుట ఆడేవారుంటారు. వారి అడుగు మందగిస్తే పాట మార్చాలని తెలుస్తుంది. గదిలో పృచ్ఛకుడు లేడు. కూర్చేవాడే శ్రోత, అతడే పరీక్షకుడు. ఇరవైసార్లు మొదలుపెట్టి ఇరవైసార్లూ ఆపేసే అలవాటు ఈ ఒంటరితనంలోంచి పుడుతుంది. పదో ప్రయత్నానికి అతడు తర్వాతి పాటను ఎంచుకోవడం లేదు, గుర్తుచేసుకుంటున్నాడు. ఎదుటివారు లేనప్పుడు దేనికి స్పందించాలి అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

దీనికి సమాధానాన్ని తిక్కన గురించిన ప్రసిద్ధ ఐతిహ్యం సూచిస్తుంది. మహాభారత రచనలో తడుముకోకుండా చెబుతానని తిక్కన, ఆగకుండా రాస్తానని లేఖకుడు గురునాథుడు ప్రతిన పూనారట. తప్పితే కవి నాలుక, లేఖకుడి చేయి తెగిపడాలి. శల్యపర్వంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధవృత్తాంతం చెప్పే సందర్భంలో కవికి మాట తోచక, ఏం చెప్పేదంటూ గురునాథుణ్ణి సంబోధించాడట. లేఖకుడు ఆ సంబోధనను 'కురునాథా' అని రాసుకున్నాడు. సంజయుడు కురురాజును పిలిచినట్టుగా అది పద్యంలో ఒదిగిపోయింది. చారిత్రక సత్యం ఎలా ఉన్నా, ఈ కథలోని తాత్త్విక సూక్ష్మం గమనించదగ్గది. తడబాటును ఎవరూ కొట్టివేయలేదు, పొగడనూలేదు. విన్నవాడు దాన్ని ప్రశ్నగా స్వీకరించి జవాబిచ్చాడు. ఒక్క అక్షరం మారేసరికి తడబాటు అర్థమైంది. నిర్దోషత్వానికి నాలుకనూ చేతినీ పణం పెట్టిన క్రూరమైన ఒప్పందం నుంచి ఇద్దరినీ రక్షించినది లేఖకుడి చెవి.

గదిలో ఒంటరిగా ఉన్న డీజే తనకు తానే గురునాథుడు కావాలి. రెండో పాట ఒక ఆవృత్తి ముందుగా దిగిపోయిందనుకుందాం. ఆపి మళ్ళీ మొదలుపెట్టడం ఒక పద్ధతి. ఆ తొందరను మిక్సులో భాగం చేసి, మొదటి పాట గొంతును మరికొంతసేపు పైన నిలిపి, రెంటికీ పొత్తు కుదర్చడం మరో పద్ధతి. తన చేతినుంచి వెలువడిన ఫలితానికి తానే జవాబు చెప్పడం ఈ రెండోదానిలో ఉంది. పృచ్ఛకుడు లేనిచోట ఆశుత్వానికి మిగిలిన రూపం ఇదే.

5. నిజాయితీ ప్రశ్న

దిద్దుబాటును గట్టిగా సమర్థించినవారిలో కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ ముఖ్యుడు. 1964లో అతడు సభావేదికను శాశ్వతంగా విడిచి, వేర్వేరు వాదనలనుంచి మంచి భాగాలను తీసి అతికే పద్ధతిని కళాకారుడి హక్కుగా 1966లో వ్యాసరూపంలో ప్రతిపాదించాడు. డీజే రంగంలో రిచీ హాటిన్ 2001లో వెలువరించిన సంకలనం నూరుకు పైగా పాటలను ముక్కలుచేసి తిరిగి కూర్చినది. దాని శీర్షికలోనే 'ఎడిట్' అన్న మాట ఉంది. ఈ ఇద్దరినీ కపటులనడం సాధ్యం కాదు. తమది కోసి కుట్టిన కళ అని వారు బహిరంగంగా చెప్పారు.

శ్రోతకు ఫలితం ముఖ్యం, తయారైన తీరు కాదు అన్న వాదన ఇక్కడివరకు చెల్లుతుంది. కాని చిన్న పట్టణంలోని యువకుడు విడుదల చేసే మిక్సు వినోదమే కాదు, సాక్ష్యం కూడా. అది విని అతణ్ణి పెళ్ళికి పిలుస్తారు. తెరమీద వారంపాటు సవరించిన కూర్పును 'లైవ్' అని ప్రకటిస్తే, తనకు లేని సంసిద్ధత ఉన్నట్టు అతడు మాట ఇచ్చినట్టే. ఆ మాట ఊరేగింపు మధ్యలో, బంధువులందరి ఎదుట తేలిపోతుంది. అదే కూర్పును స్టూడియో మిక్సు అని ప్రకటిస్తే అందులో దోషమేమీ లేదు. మరోవైపు, సాధన చేయని బద్ధకాన్ని సహజత్వంగా చలామణీ చేయడం కూడా అసత్యమే. ఆశువు పేరుతోనూ పరిష్కారం పేరుతోనూ శ్రోతను వంచించవచ్చు.

6. ముగింపు

పై పరిశీలనను బట్టి ఆశువు, పరిష్కారం అన్నవి ఒకదానికొకటి విరోధులు కావని తేలుతుంది. దిద్దబోయే ముందు కళాకారుడు మూడు విషయాలు విచారించుకోవాలి. తాను తొలగించేది శ్రోత రసానుభవానికి అడ్డుపడే దోషమా, లేక తాను ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయపు జాడా? ఆ సవరణ తన పనిని మాత్రమే తాకుతోందా, పేరులేని మరొక కళాకారుడి గతిని కూడా చెరుపుతోందా? సవరించాక కూర్పుకు పెట్టే పేరు దాని పుట్టుక గురించి నిజం చెబుతోందా?

మొదటి విచారణ దోషనివారణకు అనుమతినిచ్చి, అంతులేని దిద్దుబాటుకు హద్దు గీస్తుంది. రెండోది అనామక జానపద కళాకారుడికి మిక్సులో చోటును కాపాడుతుంది. మూడోది శ్రోత నమ్మకాన్ని నిలబెడుతుంది. 'డీజే' అన్న మాట పెట్టెలకూ మోతకూ పేరైపోయిన కాలంలో, ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినప్పుడే వాయిస్ ట్యాగులోని పేరు వెనక ఒక బాధ్యుడైన మనిషి ఉన్నట్టు లెక్క.