వచ్చే కూడిక ఎవరి ఇంట?



మీ వీధిలో చిన్న క్రైస్తవ సంఘం ఉన్నదా? ఉంటే ఒక పని చేయండి. గడచిన ఏడాదిలో ఆ సంఘం ఎవరెవరి ఇళ్లలో కూడిందో ఒక కాగితం మీద వ్రాయండి. దాని పక్కనే సంఘంలోని కుటుంబాలన్నిటి పేర్లు వ్రాయండి. రెండు పట్టికలు సరిపోయాయా? సరిపోకపోతే మిగిలిపోయిన ఇళ్లు ఎవరివి? ఈ వారం మన ఆలోచన ఆ ఇళ్లను గురించే.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో ముందు గుర్తుచేసుకొందాము. 1976లో తూర్పు ఆఫ్రికా పీఠాధిపతులు వీటిని తమ ముఖ్య కార్యక్రమంగా స్వీకరించారు. 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో సమావేశమైన ఆసియా పీఠాధిపతులు, శ్రీసభ అనేక సంఘాల సహవాసంగా ఎదగాలని కోరారు. ఇరుగుపొరుగు కుటుంబాలు కలిసి సువార్త చదివి, ప్రార్థించి, ఒకరి కష్టసుఖాలలో ఒకరు పాలుపంచుకోవాలని వీటి ఉద్దేశం.

ఇక్కడ ఒక భేదం గమనించండి. మనసు కలిసినవారు నలుగురు కూడితే అది స్నేహబృందం. అందులో తప్పేమీ లేదు. చిన్న క్రైస్తవ సంఘం అలా ఏర్పడేది కాదు. పక్క ఇంట్లో, ఎదురింట్లో ఏ విశ్వాసి ఉంటే వారే మన సంఘం. ఎంపిక మన చేతిలో లేదు. అందుకే అది కష్టం, అందుకే అది మేలు కూడా.

ఆదివారం గుడిలో అందరమూ ఒకే వరుసలో నిలిచి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తాము. కాని గుడి మనలో ఎవరి సొంతమూ కాదు. ఇంటి గడప అలా కాదు. ఒకరి గడప దాటి, వారు పరచిన చాప మీద కూర్చుని, వారిచ్చిన మంచినీళ్లు త్రాగడం మన ఊళ్లలో చిన్న విషయం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కులం గుడిలో దాగవచ్చు గాని గడప దగ్గర దాగదు. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతకు విధాన పత్రం వెలువరించవలసి వచ్చిందంటే, ఈ జబ్బు మన లోపల ఉన్నదనే కదా!

"వారి ఇల్లు చిన్నది, పదిమందికి టీ ఇవ్వడం భారం, వారిని ఇబ్బంది పెట్టడమెందుకు?" అని కొందరంటారు. భారం నిజమే కావచ్చు. అయితే ఏ ఇంటా టీ వద్దని, మంచినీళ్లు చాలని అందరమూ నియమం పెట్టుకోవచ్చు. చోటు చాలకపోతే వాకిట్లో చాప పరచుకోవచ్చు. ఇంత సులువైన దారి మనకు తోచలేదంటే, అడ్డం వారి పేదరికం కాదేమో!

"మేము ప్రార్థనకు కూడుతున్నాము, సంఘసంస్కరణకు కాదు" అనేవారూ ఉన్నారు. వారు గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయం చదవాలి. అంతియొకియాలో పేతురుగారు అన్యజాతుల విశ్వాసులతో కలిసి భుజించేవారు. యెరూషలేమునుండి కొందరు రాగానే, వారికి జంకి వెనుకకు తగ్గారు. ఆయన విశ్వాసం మారలేదు, కూర్చున్న పంక్తి మాత్రమే మారింది. అయినా పౌలుగారు అందరి ఎదుట ఆయనను నిలదీశారు. దానిని మర్యాదకు సంబంధించిన సంగతిగా గాక, సువార్త సత్యానికి సంబంధించిన సంగతిగా ఎంచారు.

దక్షిణ ఆఫ్రికాలోని లుంకో సంస్థ ప్రచారం చేసిన ఏడు మెట్ల సువార్త పఠనం అనేక సంఘాలకు పరిచయమే. అందులో ఆరవ మెట్టు, ప్రభువు మనలను ఏమి చేయమంటున్నారని కలిసి ఆలోచించడం. పొద్దుపోయిందని త్వరగా దాటేసే మెట్టు అదే. ఈసారి అక్కడ ఆగండి. వచ్చే కూడిక ఎవరి ఇంట అని అడగండి. మిగిలిపోయిన ఇంటికి ఇద్దరు వెళ్లి, "మీ ఇంట ప్రార్థించడానికి మాకు సెలవిస్తారా?" అని వినయంగా అడగండి. వద్దంటే వారి మాటను గౌరవించండి. కాని అడగకుండానే వారి తరఫున మనమే వద్దనే హక్కు మనకు లేదు.

సరే అంటే, వెళ్లండి. వారిచ్చిన నీళ్లు త్రాగండి. ఆ తరువాత సువార్త తెరవండి.