కడుపు మీది అనుమానం

"పిల్ల కాళ్లకేం లేదు మేడమ్, మంచిగనే ఉన్నయి. రేపు దాని కడుపుల ఎసొంటోళ్లు పుడ్తరోనని వాళ్ల భయం." మర్రిగూడలో ఒక తల్లి అన్న మాట. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు వంగిపోయిన ఆమె నడుం చూసి వెనక్కి పోయారట.

జీవశాస్త్రం చెప్పేదాన్ని కనుక జవాబు నా నోటి చివరే ఉంది. ఫ్లోరోసిస్ వంశపారంపర్యం కాదు. రాతిపొరల్లోంచి బోరునీళ్లలోకి దిగిన ఫ్లోరైడు, ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన నీళ్లు ఏళ్లతరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగుతుంది, పెరిగే పిల్లల కాళ్లు వంకరపోతాయి. తల్లి ఎముకలో చేరింది బిడ్డ జన్యువుల్లోకి ఎక్కదు. మాయ దాటి కొంత ఫ్లోరైడు వెళ్లే మాట నిజమే. చనుబాలలోకి మాత్రం, తల్లి ఎలాంటి నీళ్లు తాగినా, చాలా కొద్దిగానే వస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ 1970లలోనే 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. నల్గొండ ఆడవాళ్ల ఒళ్లు అంతకుముందు నుంచే ఆ పని చేస్తున్నాయి!

అంతా విని ఆమె, "అయితే మా తప్పు లేదన్నట్టే గదా?" అంది. లేదన్నాను.

తిరిగొస్తుంటే ఆ జవాబే గుచ్చుకుంది. వంశపారంపర్యమే అయితే తప్పయ్యేదా? తలసీమియా జన్యువు మోసే తల్లిదండ్రులు ఏం తప్పు చేశారు? ఫ్లోరైడు ఎవరికి ఎంత త్వరగా పడుతుందన్నదాన్లో జన్యువుల పాత్రా కొంత ఉందని పరిశోధనలు సూచిస్తున్నాయి. అప్పుడు నా 'లేదు' ఎక్కడ నిలబడుతుంది? ఆడపిల్లను కన్నదని కోడల్ని వేధించేవాళ్లకి, వై క్రోమోజోము తండ్రిదేనని మనం ఏళ్లుగా చెప్తూ వచ్చాం. చెప్పింది నిజమే. కానీ ముద్దాయిని మార్చామే తప్ప నేరారోపణను కొట్టెయ్యలేదు.

ఇదే మండలంలోని శివన్నగూడెం అంశల స్వామి, 2023లో చనిపోయేదాకా, వంకరపోయిన ఒంటితోనే నీళ్లకోసం కొట్లాడాడు. ఆయన అడిగింది నీళ్లు. తన పుట్టుక మంచిదేనన్న రుజువు కాదు. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చినా, వంగిన నడుములు తిరిగి నిలబడలేదు. సంబంధాలు చూసేవాళ్ల కళ్లు ఆ నడుముల మీదే.

వారం తర్వాత ఆమె ఫోన్ చేసింది. "నువ్వు చెప్పిందే కాయితం మీద రాసియ్యి మేడమ్, వాళ్లకు చూపెడ్త." ఇది వంశపారంపర్యం కాదని రాశాను. 'అయినా అది తప్పు కాదు' అని కింద ఇంకో వాక్యం రాయబోయాను. అది చదివితే వాళ్లకి మళ్లీ అనుమానం. సంబంధం పోతుంది.

ఆ వాక్యం రాయకుండానే సంతకం పెట్టిచ్చాను.