చంపకపోతే చాలా?

క్రీ.శ. 759లో చైనాను ఏలుతున్న తాంగ్ చక్రవర్తి సుజోంగ్ 81 చోట్ల చెరువులు ఏర్పాటు చేయించాడు. వాటిలో వల వేయకూడదు. బజారులో ప్రాణాలతో దొరికిన చేపను కొనితెచ్చి అలాంటి చెరువులో వదలడం బౌద్ధులకు పుణ్యకార్యం. మట్టిరంగు కార్ప్ చేపల్లో అరుదుగా ఎర్రగానో పసుప్పచ్చగానో ఒకటి పుట్టేది. ఏట్లో అయితే కొంగ కంట ఇట్టే పడేది; ఈ చెరువుల్లో బతికి బట్టకట్టింది. సాంగ్ రాజుల కాలంలో దాన్ని ఏరి పెంచారు. మింగ్ కాలానికి అది ఇళ్ళలోని తొట్టెల్లోకి చేరింది. ఈనాటి గోల్డ్‌ఫిష్ పుట్టుక వెనుక జీవకారుణ్యం ఉంది.

ఆ వంశపు చేపే ఇవాళ గాజు గిన్నెలో నెల తిరక్కుండా చచ్చి తేలుతోంది. దాన్ని ఎవరూ కొట్టలేదు, పస్తు పెట్టలేదు.

చేప మొప్పల గుండా అమ్మోనియా విడుస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త తొట్టెలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తుంది. నైట్రైట్ ఎక్కిన నెత్తురు ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. ఊపిరాడని చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. పాపం ఆకలేస్తోందని పిల్లలు మరో చిటికెడు మేత వేస్తారు. మిగిలిన మేత కుళ్ళి ఇంకాస్త అమ్మోనియా అవుతుంది. నీరసించిన చేపకు రెక్కలు చివికిపోతాయి, ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చలు లేస్తాయి.

ఇది హింసేనా? జైనుల తత్త్వార్థసూత్రం సూటిగా జవాబిస్తుంది. ఏమరుపాటుతో ప్రాణం తీయడమే హింస అంటుందది. గృహస్థుడి అహింసావ్రతానికి అయిదు దోషాలు చెబుతుంది: బంధించడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువెత్తడం, తిండీనీళ్ళూ ఆపడం. బంధించడానిదే మొదటి స్థానం. చంపాలన్న తలంపు లేదన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

చేపకు నొప్పి తెలుస్తుందా అని అడిగేవారున్నారు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషమో ఎసిటిక్ ఆమ్లమో ఎక్కించి చూసింది. అవి చాలాసేపు మేత ముట్టలేదు. ఆమ్లం ఎక్కినవి మూతిని గులకరాళ్ళకు రాసుకున్నాయి. చేప మెదడులో కార్టెక్స్ లేదు, అది లేనిదే నొప్పి అనుభవం ఉండదని ఆస్ట్రేలియాకు చెందిన శాస్త్రవేత్త బ్రయాన్ కీ వాదన. వాదం తెగేదాకా చేప పక్షాన నిలవడమే న్యాయం.

ఇంతకన్నా చిక్కైన ప్రశ్న ఒరాండా, రాంచూ వంటి గుండ్రటి రకాలది. అందం కోసం తరతరాలుగా ఒంటిని కురచ చేస్తూ పోయారు. లోపలి అవయవాలు ఇరుక్కుని, చేపను నీళ్ళలో నిలిపే గాలితిత్తి వంకరపోతుంది. కొన్ని తలకిందులుగా తేలుతూ బతుకుతాయి. కళ్ళకింద నీటిసంచులు వేలాడే బబుల్-ఐ చేపకు ఏ రాయి గీసుకున్నా సంచి పగులుతుంది. కత్తి ఎవరూ పట్టలేదు; అయినా సూత్రం చెప్పిన అంగచ్ఛేదానికి ఇది ఎంత దూరం? పైగా ఎంత మంచి నీళ్ళు పోసినా ఈ జబ్బు పుట్టుకతో వచ్చిందే. కొనేవాళ్ళున్నంతకాలం అలాంటివే పుట్టిస్తారు కనుక దోషంలో కొన్నవారికీ వాటా ఉంది.

రోమ్ నగరం 2005లో గుండ్రటి గాజు గిన్నెల్ని నిషేధించింది. నిజానికి ఈ చేప ఆయుష్షు చిన్నదేం కాదు: ఇంగ్లండ్‌లోని థర్స్క్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది. ఇప్పటికే గుండ్రటి చేపను తెచ్చుకున్నవారు దానికి వెడల్పాటి తొట్టె, ఫిల్టరు, వారంవారం కొంత కొత్తనీరు, అడుక్కి దిగే మేత సమకూర్చాలి. ఇంకా తెచ్చుకోనివారు పొడవొంటి మామూలు రకాన్ని, అదీ తగినంత చోటుంటేనే, అడగాలి.