బల్ల కింద అట్టముక్క

మా ఇంట్లో టేకు బల్ల ఊగుతుంది. గ్లాసు పెట్టిన ప్రతిసారీ నాలుగు చుక్కల టీ ఒలుకుతుంది. ఏళ్ళ తరబడి దాని కాలి కింద మడిచిన అట్టముక్క ఉంది. నలిగితే ఇంకో మడత. ఇల్లన్నాక సర్దుకుపోవాలి కదా, అనుకునేవాణ్ణి.

ఎండాకాలంలో అక్క వచ్చి పది రోజులుంది. ఆ బల్ల దగ్గరే కూర్చుని తన కాపురం సంగతులు చెప్పింది. అంతా విని నేనన్నది ఒకటే: "కొంచెం సర్దుకుపో అక్కా." తనేమీ అనలేదు. మోచేత్తో బల్ల ఊగకుండా అదిమిపెట్టి టీ తాగింది.

అక్క వెళ్ళాక ఓ ఆదివారం బల్ల సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. ఊగడానికి కారణం ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

ఒకటి, నేల. బల్లని వేరే చోటికి మారిస్తే ఊగడం మానేసిందంటే తప్పు బల్లది కాదు. కాళ్ళు సమానంగా ఉన్న చదరపు బల్లని, నేల మెట్లుమెట్లుగా లేకపోతే, ఉన్నచోటే పావు చుట్టు తిప్పేలోపు ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్ళూ ఆనతాయని గణితంలో నిరూపణే ఉంది. పైన కాస్త వాలుగా ఉండొచ్చు, ఊగదు.

రెండు, కాలి పొడవు. దీనికి మనకి తోచే వైద్యం రంపం. పొట్టికాలికి చెక్క అతికించడం కష్టం, పొడుగు కాలిని కొయ్యడం సులువు. కాస్త ఎక్కువ తెగిందా, ఇంకో కాలి వంతు వస్తుంది. చివరికి బల్ల పీటవుతుంది.

మూడు, కీలు. నాలుగు కాళ్ళూ నేలకి ఆనే ఉంటాయి, పక్కకి తోస్తే మాత్రం బల్ల మొత్తం ఒరుగుతుంది. వానల్లో చెక్క ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. ఎత్తి పెట్టాల్సిన బల్లని ఈడ్చిన ప్రతిసారీ ఆ బలమంతా కీలు మీదే పడుతుంది. బెజ్జంలో కుసి వదులవుతుంది. దీనికి అట్టముక్క పనికిరాదు. కీలు ఊడదీసి, పాత జిగురంతా గీకాలి. ఎండిన జిగురు మీద కొత్త జిగురు సాధారణంగా సరిగా పట్టదు, దానికి శుభ్రమైన ఒట్టి చెక్క కావాలి. తర్వాత తాడుతో బిగించి ఒక రోజు వదిలెయ్యాలి.

మా బల్లది ఈ మూడోదే. ఇన్నేళ్ళూ కాలి కింద అట్ట పెడుతూ వచ్చాను.

సర్దుబాటు చెడ్డదని అనను. నేల వంకరైతే అట్టముక్క న్యాయమైన జవాబే. కానీ అక్క విషయంలో ఏది వదులైందో నేను చూడనే లేదు. తను నిలబడ్డ చోటా, ఇద్దరి మధ్య కీలా, లేక అందరూ కలిసి తననే కోస్తున్నారా? ఏమీ అడక్కుండా అట్టముక్క చేతికిచ్చాను. ఎందుకు? అడిగితే తను చెబుతుంది. చెబితే నేను కూడా ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది. నేను సలహా అనుకున్నది నా సౌకర్యం.

ఇంకొకరి కాపురాన్ని ఊడదీసే హక్కు నాకు లేదు, నిజమే. తేల్చుకోవాల్సింది తనే. అయితే చూడకుండా సర్దుకుపొమ్మనే హక్కూ నాకు లేదు.

ఆ సాయంత్రం బల్ల తాళ్ళతో బిగించి ఉంది. నేల మీద కూర్చుని ఫోన్ చేశాను. "అక్కా, ఆ రోజు సరిగ్గా వినలేదు. మొదట్నించీ చెప్పు."

కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది, "నీకెంత టైముందిరా?"