ఆయుష్షు రాసిపెట్టి ఉంటే బీపీ మాత్ర ఎందుకు?

మొన్నటి వీడియోలో కర్మ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని వెంటే వచ్చే ప్రశ్న ఒకటుంది. మా పాతబస్తీలో ఎవరింట్లో చావు జరిగినా "ఆయుష్షు అంతవరకే రాసి ఉంది, ఏం చేస్తం" అంటారు. నలభై ఏళ్లకే గుండెపోటుతో పోయిన మనిషి ఇంటి ముందు కూడా ఇదే మాట. ఏడ్చేవాళ్లకు ఓదార్పుగా అది మంచి మాటే. కానీ బతికున్నవాళ్లు అదే మాట పట్టుకుని బీపీ చూపించుకోవడం మానేస్తేనో? రాసిందే జరిగేదైతే మాత్ర ఎందుకు, నడక ఎందుకు, సిగరెట్ మానడం ఎందుకు?

ఇది కొత్త ప్రశ్న కాదు. చరక సంహిత విమానస్థానంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు. ఆయుష్షు దైవం, పురుషకారం రెండింటి మీదా ఆధారపడుతుందని గురువు జవాబు. అంతా ముందే నిర్ణయమై ఉంటే మంత్రాలు, హోమాలు, ఉపవాసాలు, మందులు దేనికని ఎదురు ప్రశ్న వేస్తాడు. బండి ఇరుసును ఉదాహరణగా చూపిస్తాడు. మంచి ఇరుసు సరిగ్గా వాడితే తన కాలం తీరాకే అరుగుతుంది. అదే ఇరుసు మీద మోయలేనంత బరువు వేసి, గతుకుల దారిలో తోలితే నడుమనే విరుగుతుంది.

ఇప్పటి పరిశోధనలో కూడా ఇలాంటి మాటే వినిపిస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. పొగ, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు... తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం ఈ తొమ్మిదింటితోనే ముడిపడి ఉందని తేల్చింది. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

మరి మన చేతిలో లేనిదాని సంగతి? పూర్వజన్మ కర్మను నేను కాదనను. కానీ మనం తలరాత అనుకునేదాంట్లో కొంత భాగం కంటికి కనిపిస్తుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మాలాంటి బలమైన తిండి పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి ఇంకా చేరలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రకటించారు. తిండి అందిన ఊళ్ల పిల్లల్లో రక్తనాళాల బిరుసుతనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. బీపీలో, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఒకసారి ఆలోచించండి. ఆ పిల్లలకు అది తలరాతే, ఎందుకంటే వాళ్లు చేసిందేమీ లేదు. కానీ ఆ రాత రాసింది ఎవరు? వండి పెట్టినవాళ్లు, పథకం నడిపినవాళ్లు. అంటే ఒకరి పురుషకారం ఇంకొకరికి దైవంగా అందుతుంది.

అందుకని అమ్మ సరిగా తినలేదని అమ్మను అనకండి. లాల్‌దర్వాజలో ఆషాఢం బోనాలకు మన ఆడవాళ్లు సింహవాహిని అమ్మవారికి నెత్తిన బోనం మోసుకెళ్తారు. బోనం అంటే భోజనమే. ఆ మోసిన మనిషే ఇంటికొచ్చాక అందరికీ వడ్డించి, చివరికి గిన్నెలో మిగిలింది తింటుంది. అమ్మవారికి ముందు, అమ్మకు ఆఖర్న. ఇది ఏ శాస్త్రంలోదో నాకు ఎవరూ చెప్పలేదు.

చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లను "ఏ పాపం చేశాడో" అనడం కూడా మానేద్దాం. వాళ్ల ఇరుసు మీద బరువు వేసింది వాళ్లొక్కరే కాకపోవచ్చు.

ఈ వారం రెండు పనులు చేద్దాం. మొదటిది, మీ బస్తీ దవాఖానాకు అమ్మానాన్నలను తీసుకెళ్లి, వాళ్లతోపాటు మీరూ బీపీ, షుగర్ చూపించుకోండి. అక్కడ డబ్బులు అడగరు. రెండోది, ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు ముందు వడ్డించండి. నైవేద్యం పెట్టినంత శ్రద్ధగా పెట్టండి. ఇంకా పుట్టని ఒకరి నుదుటిన మీరు ఒక మంచి అక్షరం రాసినట్టే.

అమ్మవారు అందరినీ చల్లగా చూడాలి.